చౌడునేల - ఆకాశనేత్రం
(పల్నాటి ఆయకట్టును గురించిన ఒక పరిశీలన)

పల్నాడు అనగానే సాహిత్య విద్యార్థికి కారెంపూడి రణక్షేత్రం, నాగులేటి తీరం, బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ జ్ఞప్తికి వస్తారు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు చదివినవారికి జొన్నకూడే దిక్కైన మెట్టసీమ కనుల ముందు నిలుస్తుంది. ఆ సీమ స్వరూపం మన పెద్దల కాలంలోనే మారిపోయినది. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ వద్ద నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4వ తేదీన నాటి ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. జవహర్ కాలువ అని పేరు పెట్టబడిన కుడి కాలువ సుమారు 203 కిలోమీటర్ల పొడవున పల్నాటి మీదుగా ప్రకాశం జిల్లా దాకా సాగి, దాదాపు 11 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఆధారమైనది. జొన్న, సజ్జ మాత్రమే పండిన అనేక గ్రామాలలో వరి, ప్రత్తి, మిరప పంటలు స్థిరపడినవి.

నీరు లేని నేలకు నీరు రావడం వరమే. సందేహం లేదు. అయితే నీరు వచ్చిన నేలకు నీరు పోయే దారి కూడా ఉండాలి. ఆ దారి లేనిచోట, కొన్ని సంవత్సరాలు గడిచేసరికి పల్లపు చేలలో పైరు అక్కడక్కడ గిడసబారుతుంది. వేసవిలో నేలపై తెల్లని పొర తేలుతుంది. రైతు దానిని చూచి "చౌడెక్కింది" అంటాడు. ఈ చౌడును ఉపగ్రహాల ద్వారా కనిపెట్టవచ్చునని నేడు తరచుగా వింటున్నాము. ఉపగ్రహం దేనిని చూడగలదు, దేనిని చూడజాలదు, అది చూపిన దానితో మనం చేయవలసిన పని ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయాలు.

తెలుగు పాఠం చెప్పేవారికి నేలతో, ఉపగ్రహంతో పని ఏమిటని విద్యార్థులు అడగవచ్చును. మనం తరగతి గదిలో "ఊసరక్షేత్రం" అన్న మాటకు "పంట పండని చవిటినేల" అని అర్థం వ్రాసి ముందుకు సాగిపోతాము. ఉర్దూ చదివే మిత్రులు "షోర్" అన్న మాటకు ఉప్పదనమని అర్థం చెప్పుకొని, "జమీనె షోర్" అంటే ఏమీ మొలవని నేల అని వ్రాసుకొంటారు. తెలుగులోని "సూరేకారం" కూడా ఈ "షోరా" కుటుంబపు మాటే. రెండు భాషలలోనూ ఈ పదం నిష్ఫలత్వానికి ఉపమానమైనది. మన విద్యార్థులలో చాలామంది ఇళ్ళలో మాత్రం అది ఉపమానం కాదు. ఎకరాల లెక్క, అప్పుల లెక్క.

చౌడులో రెండు జాతులు

రైతుల వాడుకలో చౌడు ఒకటి కాదు. వేసవిలో తెల్లగా పాలపొంగు వలె పైకి తేలేది పాల చౌడు. దీనినే తెల్ల చౌడు అని కూడా అంటారు. ఇందులో సోడియం, కాల్షియం, మెగ్నీషియంల క్లోరైడులు, సల్ఫేటులు అధికంగా ఉంటాయి. రెండవది కారు చౌడు, అనగా నల్ల చౌడు. ఇందులో కరిగే ఉప్పు అంత ఎక్కువగా ఉండకపోవచ్చును. కాని సోడియం మట్టి రేణువులను అంటిపెట్టుకొని, కార్బనేటు రూపంలో క్షారగుణాన్ని పెంచుతుంది. నేలలోని సేంద్రియ పదార్థం ఆ క్షారంలో కరిగి పైకి నల్లని పొరగా వస్తుంది. ఇట్టి నేల తడిసినప్పుడు బంకగా మారుతుంది, ఆరినప్పుడు రాయివలె గట్టిపడుతుంది. నీరు లోపలికి ఇంకదు, గాలి ఆడదు.

శాస్త్రజ్ఞులు ఈ భేదాన్ని మూడు కొలతలతో నిర్ణయిస్తారు. నేలను నీటితో సంతృప్తపరచి తీసిన ద్రావణంలో విద్యుత్తు ఎంత సులభంగా ప్రవహిస్తున్నదో చెప్పేది విద్యుత్ వాహకత. దీనిని పూర్వం మిల్లీమోలలో కొలిచేవారు; ఇప్పుడు మీటరుకు ఇన్ని డెసీసైమన్లు అని చెబుతున్నారు. రెండింటి సంఖ్య ఒక్కటే. రెండవది ఉదజని సూచిక. మూడవది మట్టిని అంటుకొన్న సోడియం శాతం. 1954లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించిన వర్గీకరణ ప్రకారం వాహకత 4కు మించి, ఉదజని సూచిక 8.5కు లోబడి, సోడియం 15 శాతం కంటె తక్కువగా ఉన్నది పాల చౌడు. వాహకత 4కు లోబడి, ఉదజని సూచిక 8.5కు మించి, సోడియం 15 శాతం దాటినది కారు చౌడు. ఉప్పు, సోడియం రెండూ హద్దు మీరిన మిశ్రమ నేలలు కూడా ఉన్నవి.

ఈ భేదం కేవలం పేర్ల భేదం కాదు. రెండింటికీ చికిత్స వేరు. పాల చౌడుకు మంచినీరు పెట్టి, ఉప్పును కడిగి, మురుగు ద్వారా బయటికి పంపాలి. కారు చౌడుకు ముందుగా జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియంను తొలగించి దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆ తరువాతనే కడగాలి. పాల చౌడుకు జిప్సం వేస్తే ధనం వృథా. మిశ్రమ చౌడును జిప్సం లేకుండా కడిగితే ఉప్పు పోయి సోడియం మిగిలి, నేల మునుపటికంటె బిగుసుకొని పోతుంది. కావున రోగం పేరు తెలియకుండా మందు వేయడం ఇక్కడ కూడా ప్రమాదమే.

ఉప్పు ఎక్కడి నుండి వస్తున్నది?

కాలువలో పారేది మంచినీరే గదా, ఉప్పెక్కడిదని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. నీటి వాహకత కేవలం 0.5 డెసీసైమన్లు ఉన్నదనుకొందాము. సేద్యానికి అది మంచినీటి కిందే లెక్క. అట్టి నీటిలో లీటరుకు సుమారు 320 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. ఒక ఎకరం వరికి ఒక కారులో మొత్తం ఒక మీటరు లోతు నీరు పెట్టినట్లైతే, అది సుమారు 4,047 ఘనపు మీటర్లు. ఆ నీటితో పొలంలోకి వచ్చే ఉప్పు దాదాపు 1,300 కిలోలు. అనగా 50 కిలోల బస్తాలు 26. పైరు నీటిని త్రాగుతుంది, ఎండ నీటిని ఆవిరి చేస్తుంది. ఉప్పును మాత్రం రెండూ ముట్టవు. లోపలి నుండి మురుగు బయటికి పోతున్నంత కాలం ఆ ఉప్పు కూడా దానితో పోతుంది. మురుగు నిలిచిననాడు ఉప్పు కూడా నిలుస్తుంది.

దీనికి తోడు నేల అడుగున స్వతస్సిద్ధంగా ఉన్న లవణాలు కలవు. పారుదల వచ్చిన తరువాత కాలువల ఊట వలన, ఎగువ వరిమడుల ఊట వలన భూగర్భ జలమట్టం పైకి వస్తుంది. అది రెండు మీటర్ల లోపునకు వచ్చినప్పుడు దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు నీరు సన్నని రంధ్రాల ద్వారా పైకి ప్రాకుతుంది. నల్లరేగడిలో ఈ రంధ్రాలు అతి సూక్ష్మం కనుక ప్రాకుడు కూడా ఎక్కువ. పైకి వచ్చిన నీరు ఆవిరై, తెచ్చిన ఉప్పును నేలపై విడిచిపోతుంది. పల్నాటి నేల సమతలం కాదు, మిట్టపల్లాలున్న సీమ. మిట్టమీది వరిచేను ఊట పల్లంలోని మిరపచేనుకు చేరుతుంది. నీరు పెట్టినది ఒకరు, చౌడు అనుభవించేది మరొకరు. అందువలన ఇది ఒక రైతు తన గట్టు లోపలనే పరిష్కరించుకోగల సమస్య కాదు.

ఇది క్రొత్త అనుభవం కూడా కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు మధ్యనాటికే ఉత్తర భారతంలో పశ్చిమ యమునా కాలువ క్రింద "రేహ్" అనే చౌడు పెరుగుతున్నదని గుర్తించారు. ప్రాచీన మెసపొటేమియాలో గోధుమ సాగు తగ్గి, ఉప్పును ఓర్చుకొనే యవల సాగు పెరగడానికి నేలలో చేరిన ఉప్పే కారణమని జాకబ్సన్, ఆడమ్స్ అనే పండితులు 1958లో ప్రతిపాదించారు. మన దేశంలో ఈ సమస్యను పరిశోధించడానికి 1969లో కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ ఏర్పడినది. హర్యానాలోని కర్నాల్ దాని కేంద్రం. మన పొరుగున బాపట్లలో కూడా చౌడునేలలపై పరిశోధన జరిపే కేంద్రం ఉన్నది.

మిరప చెప్పే లెక్క

చౌడు వలన పంట ఎంత నష్టపోతుందనుటకు మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించిన పట్టిక ఇప్పటికీ ప్రమాణంగా వాడబడుతున్నది. దాని ప్రకారం ప్రతి పైరుకూ ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాకా నష్టం లేదు; దాటిన తరువాత ప్రతి ఒక డెసీసైమనుకూ ఇంత శాతం దిగుబడి తగ్గుతుంది. ప్రత్తికి హద్దు 7.7, తరువాతి తగ్గుదల 5.2 శాతం. వరికి హద్దు 3, తగ్గుదల 12 శాతం. మిరప జాతికి హద్దు 1.5 మాత్రమే, తగ్గుదల 14 శాతం.

ఇప్పుడు ఈ మూడింటినీ వాహకత సరిగా 4 ఉన్న పొలంలో నిలిపి చూడండి. ప్రత్తికి నష్టం లేదు. వరికి 12 శాతం నష్టం. మిరపకు 35 శాతం. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారవచ్చును. కాని సారాంశం స్పష్టం. శాస్త్రగ్రంథం ఒక నేలను "చౌడు" అని పిలవడానికి సిద్ధపడే వేళకే మిరప రైతు మూడవ వంతు పంటను కోల్పోయి ఉంటాడు. పల్నాడు మిరపకు పేరుపొందిన సీమ. కావున ఇతర ప్రాంతాలవారు తెల్లని పొర కనిపించే దాకా ఆగినా, మనం ఆగగల స్థితిలో లేము.

ఆకాశం నుండి చూపు

ఉపగ్రహం ఉప్పును నేరుగా కొలవదు. అది కొలిచేది కాంతిని మాత్రమే. సూర్యకాంతి నేలపై, ఆకులపై, నీటిపై పడి వెనుకకు మరలుతుంది. ఏ వస్తువు ఏ రంగు కాంతిని ఎంత భాగం మరల్చుతున్నదో ఉపగ్రహంలోని పరికరాలు వేరువేరుగా నమోదు చేస్తాయి. మన కంటికి కనిపించే నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులే గాక, కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా అవి గ్రహిస్తాయి.

పచ్చని ఆకు ఎరుపు కాంతిని పత్రహరితంతో పీల్చుకొని, సమీప పరారుణ కాంతిని విరివిగా మరల్చుతుంది. ఈ రెండింటి భేదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను హరిత సూచిక అంటారు, ఎన్.డి.వి.ఐ. అని వ్యవహారం. ఉదాహరణకు, బాగా పెరిగిన పైరు ఎరుపును 8 శాతం, పరారుణాన్ని 40 శాతం మరల్చినదనుకొంటే సూచిక 32ను 48తో భాగించగా 0.67 వస్తుంది. అదే గట్టు ప్రక్కన, పైరు గిడసబారి నేల కనిపించే చోట ఎరుపు 25 శాతం, పరారుణం 30 శాతం అయితే సూచిక 5ను 55తో భాగించగా 0.09. పదవ తరగతి గణితం వచ్చినవారు ఎవరైనా ఈ లెక్క చేయగలరు.

ఇక పైరు లేని వేసవిలో, పాల చౌడు తేలిన నేల నీలం, ఎరుపు కాంతులను రెండింటినీ అధికంగా మరల్చి తెల్లగా మెరుస్తుంది. నల్లరేగడి మామూలుగా చాలా కాంతిని పీల్చుకొంటుంది కనుక ఆ నల్లని నేపథ్యంలో తెల్లని మచ్చ ఇంకా స్పష్టమవుతుంది. నీలం, ఎరుపు విలువలను గుణించి వర్గమూలం తీసి "లవణ సూచిక" కట్టడం ఒక పద్ధతి. ఏప్రిల్, మే నెలలు దీనికి తగిన కాలం. వర్షం పడితే ఉప్పు కరిగి క్రిందికి దిగిపోతుంది. మేఘం పడితే చూపే ఉండదు. మేఘాలను దాటి చూడడానికి రాడార్ ఉపగ్రహాలు ఉపకరిస్తాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించబడిన నిసార్ అట్టిదే. అయితే రాడార్ కూడా ప్రధానంగా తేమను, ఉపరితలపు తీరును చెబుతుంది గాని చౌడని పేరు పెట్టి చెప్పదు.

చూపు ఎంత సూక్ష్మం?

ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గడులతో కూడిన చాప వంటిది. ఒక గడిలో ఎన్ని ఉన్నా అన్నీ కలిసి ఒకే అంకె. 1972లో అమెరికా ప్రయోగించిన మొదటి లాండ్‌శాట్ గడి సుమారు 80 మీటర్లు. అనగా ఒక గడి ఎకరంన్నర కంటె పెద్దది. 1988 మార్చి 17న అంతరిక్షానికి చేరిన మన ఐ.ఆర్.ఎస్-1ఎ లోని మెరుగైన కెమెరా గడి సుమారు 36 మీటర్లు. అనగా ఇంచుమించు 32 సెంట్లు. తరువాతి కాలపు మన రిసోర్స్‌శాట్ లోని లిస్-3 గడి సుమారు 24 మీటర్లు. అనగా 14 సెంట్లు. 2015లో, 2017లో ఐరోపావారు పంపిన సెంటినెల్-2 జంట ఉపగ్రహాల గడి 10 మీటర్లు. అనగా రెండున్నర సెంట్లు. ఒక ఎకరంలో అట్టివి సుమారు 40 గడులు. 2017 నుండి అయిదు రోజులకొకసారి ప్రతి పొలం పైనా వాటి చూపు పడుతున్నది. ఆ చిత్రాలు ఉచితం. లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుండి ఉచితం. 2009లో ప్రారంభమైన మన భువన్ ద్వారా కూడా దేశ పటాలను చూడవచ్చును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఈ విద్యకు మన దేశంలో మూలస్థానం.

పూర్వం 1980ల నాటి ఉపగ్రహ చిత్రాల సాయంతో దేశమంతటా చౌడునేలల పటాలు తయారైనవి. ఆ అంచనా ప్రకారం దేశంలో 67 లక్షల హెక్టార్లకు పైగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2 లక్షల 74 వేల హెక్టార్లు చౌడునేలలు. మన రాష్ట్రపు లెక్కలో దాదాపు 2 లక్షల హెక్టార్లు కారు చౌడు. మిగిలినది సముద్రతీరపు ఉప్పునేల. ఆ పటాల ప్రమాణం రెండున్నర లక్షలకు ఒకటి. అనగా పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 250 మీటర్లు. మిల్లీమీటరు చదరపు చుక్క క్రింద 15 ఎకరాలు దాగిపోతాయి. రాష్ట్రానికి ప్రణాళిక వేయడానికి ఆ పటం చాలును. రెండెకరాల రైతుకు చాలదు.

మన సీమలో చూపును మోసగించేవి

ఈ అంకెలలో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. లోతట్టు ప్రాంతాలలో అధికంగా ఉన్నది కారు చౌడు. అది తెల్లగా మెరవదు. నల్లరేగడిలో నల్లగానే ఉంటుంది. తెలుపును వెదికే ఉపగ్రహ పద్ధతి దానిని దాటిపోతుంది. పాల చౌడులో సైతం కొన్ని క్లోరైడు లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని నేలను నల్లగా, తడిగా చూపిస్తాయి.

మరొక ప్రక్క, ఉప్పు కాని తెలుపు మన సీమలో కొల్లలు. పల్నాడు సున్నపురాతి సీమ. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొడి, క్వారీల చుట్టుప్రక్కల పేరుకొన్న ధూళి, పైకి తేలిన రాతిపొర, కోత కోసిన తరువాత మిగిలిన ఎండుగడ్డి, గ్రావెల్ డొంకలు ఇవన్నీ తెల్లగానే కనిపిస్తాయి. మిరప కల్లాలలో ఆరబోసిన కాయలు ఎరుపు కాంతిని విశేషంగా మరల్చి, లెక్కను మరొక విధంగా చెడగొట్టగలవు. ఈ సంగతులు ఎరుగనివారు ఎక్కడో కూర్చుండి కంప్యూటరుపై పటం గీస్తే, సున్నపు బట్టీని చౌడుగాను, చౌడును మంచి రేగడిగాను వ్రాసే ప్రమాదం ఉన్నది. కంప్యూటరు తనంతట నేర్చుకొనే పద్ధతులు నేడు వచ్చినవి. కాని అవి నేర్చుకొనేది మనం ఇచ్చిన మట్టి నమూనాల నుండియే. నమూనా తప్పైతే నేర్పు కూడా తప్పే.

కనుక ఒక్క చిత్రాన్ని నమ్మరాదు. ఒకే పొలాన్ని అయిదారు సంవత్సరాలు, అదే నెలలో, పైరు ఉన్నప్పుడూ లేనప్పుడూ చూడాలి. ప్రక్క చేలు పచ్చగా ఉన్న సంవత్సరాలలో కూడా పొలంలో ఒకే మూల మళ్ళీ మళ్ళీ వెలవెలబోతుంటే అక్కడ అనుమానం బలపడుతుంది. కాలువ చివరి భూములకు నీరందని సంవత్సరాలలో పైరు ఎండిపోవడం సహజం. అది చౌడు లక్షణం కాదు. నీరు సమృద్ధిగా వచ్చిన ఏట కూడా పచ్చబడని చోటు ఏదో, అదే మనం వెదకవలసిన చోటు. ఇట్లా చూచినప్పుడు తెల్లని పొర తేలకముందే, పైరు నీరసం ద్వారా, మిరప ఇంకా దక్కగల దశలోనే సూచన అందుతుంది. కారు చౌడును సైతం ఈ మార్గాన అనుమానించవచ్చును. ఉపగ్రహపు అసలు ప్రయోజనం ఇదే. అది తీర్పు చెప్పదు. ఎక్కడ త్రవ్వి చూడాలో చెబుతుంది.

నేల మీది పరీక్ష

2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం భూసార ఆరోగ్య పత్రాల పథకాన్ని ప్రారంభించినది. ఆ పత్రంలో 12 అంశాలు ఉంటాయి. వాటిలో ఉదజని సూచిక, వాహకత రెండూ ఉన్నవి. మీ ఇంట ఆ పత్రం ఉంటే ఈ రాత్రియే తీసి చూడండి. అయితే రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ పథకంలో పారుదల భూమికి రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా తీసే నియమం పెట్టుకొన్నారు. అనగా ఆరెకరాలకు పైగా నేలకు ఒక్క అంకె. అదే విస్తీర్ణంలో సెంటినెల్ గడులు 250. ఇరవై సెంట్ల చౌడు మూల ఆ ఒక్క అంకెలో కలిసిపోవచ్చును. రెండవది, పరీక్షశాలలో మట్టికి ఎక్కువ నీరు కలిపి కొలిచిన వాహకతను పైన చెప్పిన 4 అనే హద్దుతో నేరుగా పోల్చరాదు. నీరు ఎక్కువ కనుక అంకె తక్కువగా వస్తుంది. సంతృప్త ద్రావణంలో విలువ అంతకంటె అధికం.

అనుమానం ఉన్న చోట నమూనా తీసే విధానం కష్టమైనది కాదు. వేసవిలో, వర్షానికి ముందు తీయాలి. 0-15, 15-30, 30-60, 60-90 సెంటీమీటర్ల లోతుల మట్టిని వేరువేరుగా గుడ్డ సంచులలో కట్టాలి. ఎరువుల సంచులు వాడరాదు. వాటి ఉప్పు మట్టికి అంటుతుంది. చౌడు మూల నుండి ఒకటి, బాగున్న చోటు నుండి ఒకటి తీసి రెండింటినీ పోల్చాలి. పైపొరలో ఉప్పు అధికమై క్రిందికి పోయే కొద్దీ తగ్గుతుంటే ఉప్పు అడుగునుండి ప్రాకి వస్తున్నదని, క్రిందికి పోయే కొద్దీ పెరుగుతుంటే నీరు దానిని క్రిందికి నెట్టుతున్నదని సాధారణంగా గ్రహించవచ్చును. గుంట త్రవ్వినప్పుడే నీరు ఎంత లోతున తగిలినదో కూడా వ్రాసుకోవాలి.

నయమయ్యే రోగమే

ఇది నయం కాని రోగం కాదు. భారత, నెదర్లాండ్స్ దేశాల సహకారంతో 1990ల చివర నుండి బాపట్ల కేంద్రం శాస్త్రజ్ఞులు సాగర్ కుడి కాలువ ఆయకట్టులోని కోనంకిలోను, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులోను రైతుల పొలాలలోనే భూగర్భ మురుగు పద్ధతిని పరీక్షించారు. నేల అడుగున రంధ్రాలు గల గొట్టాలను వరుసలుగా పరచి, చుట్టూ వడపోత పొర అమర్చి, ఉప్పునీటిని లోలోపలనే బయటి మురుగు కాలువకు చేర్చడం ఆ పద్ధతి. దేశంలో ఇట్టి ప్రయోగక్షేత్రాల ఫలితాలను సమీక్షించినప్పుడు వరి దిగుబడి సగటున మూడింట రెండు వంతుల దాకా పెరిగినట్లు తేలినది. కాని గొట్టం ఒక రైతు పొలంతో ఆగదు. అందరూ కలియాలి, చివర వాగు పూడిపోకుండా ఉండాలి. తూటికాడ, గుర్రపుడెక్క నిండిన మురుగు కాలువకు ఎన్ని గొట్టాలు కలిపినా ఫలితం లేదు.

అంత వ్యయం భరించలేనివారికి సైతం మార్గాలున్నవి. మడిని చదును చేయడం, గట్టు వెంట లోతైన బోదె తీయడం, జీలుగ వంటి చౌడు తట్టుకొనే పచ్చిరొట్టను పెంచి కలియదున్నడం, పరీక్షించిన మీదట జిప్సం వేయడం, చౌడు మూలలో మిరపకు బదులు ప్రత్తి వేయడం. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన సీమలో సాగు చేసేవారిలో కౌలుదారులు అనేకులు. వచ్చే ఏడు ఆ పొలం తనదో కాదో తెలియని కౌలుదారు ఈ ఏడు జిప్సం ఎందుకు వేస్తాడు? భూయజమాని పట్టణంలో ఉండి కౌలు మాత్రమే చూస్తాడు, చౌడును చూడడు. ఇద్దరి మధ్య నేల నష్టపోతుంది. భూయజమాని, కౌలుదారు కలిసి ఖర్చు పంచుకొనే ఒప్పందం లేనిదే ఉపగ్రహం ఎంత చక్కగా చూపినా ఉపయోగం లేదు.

మన కర్తవ్యం

విద్యార్థులారా! ఆకాశంలోని చిత్రానికీ, గట్టుమీది రైతుకూ మధ్య నేడు ఒక ఖాళీ ఉన్నది. చిత్రం చదవగలవారికి పొలం తెలియదు. పొలం తెలిసినవారికి చిత్రం చదవడం రాదు. రెండూ రాగల అవకాశం మీకున్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చిత్రాలను దించుకొని సూచికలు కట్టవచ్చును. వాణిజ్య విద్యార్థులు ఎకరం చౌడు వలన కౌలుదారుకు కలిగే నష్టాన్ని లెక్క కట్టవచ్చును. తెలుగు, ఉర్దూ విద్యార్థులకు కూడా పని ఉన్నది. ప్రతి గ్రామంలో చేలకు పేర్లుంటాయి. చౌడు, ఉప్పు, చవుడు అన్న మాటలతో పిలవబడే చెక్కలు ఎక్కడెక్కడ ఉన్నవో సేకరించండి. ఆ పేరు కాలువకు ముందుదా, తరువాతదా అని పెద్దలను అడగండి. పూర్వం బట్టలుతకడానికి సౌడుమట్టి ఎక్కడ త్రవ్వేవారో అడగండి. నాట్లు వేసే స్త్రీలను అడగండి. ఏ మడిలో నారు నిలవదో వారి పాదాలకు తెలుసు. ఈ జ్ఞాపకాలను పటంపై గుర్తిస్తే ఏ ఉపగ్రహమూ ఇవ్వలేని అరవై ఏండ్ల చరిత్ర లభిస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వాహకత, ఉదజని సూచికలను కొలిచే చిన్న పరికరాలు, మట్టి తీసే బర్మా, అంతర్జాల సౌకర్యం గల ఒక కంప్యూటరు ఉంటే ఈ పనికి శ్రీకారం చుట్టవచ్చును. ప్రతి వేసవిలో ఒక్కొక్క గ్రామాన్ని ఎన్నుకొని, అనుమానపు చోట్లను ముందుగా చిత్రంలో గుర్తించి, తరువాత నేలపై పరీక్షించి, ఫలితాన్ని ఆ గ్రామస్థులకు వారి భాషలో చదివి వినిపించే ఏర్పాటు చేయగోరుతున్నాను. బాపట్ల శాస్త్రజ్ఞుల సలహా తీసుకొంటే పని సక్రమంగా సాగుతుంది. మొదటి సంవత్సరం ఒక్క గ్రామంలో పది చేలు పరీక్షించినా చాలును. ఆ పది చేలలో ఒక్క దానిలోనైనా చౌడు తెల్లబడక ముందే పట్టుబడితే, ఒక కుటుంబానికి మిరప పంట దక్కుతుంది.